పెసర వేరు చేతికిచ్చి, తర్వాత తెర వెలిగించండి

ప్రశ్న: మేడమ్, నేను నర్సంపేట దగ్గర ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెప్తాను. లిన్ మార్గులిస్ అనే అమెరికన్ జీవశాస్త్రవేత్త మీద తీసిన డాక్యుమెంటరీని మా ఊరి పంచాయతీ ఆఫీసు ముందు, పిల్లలతోపాటు పెద్దవాళ్లకు కూడా చూపించాలని ఉంది. సినిమా ఇంగ్లిష్‌లో ఉంది. "నాట్ల దినాలల్ల ఎవరొస్తరు, వచ్చినా ఎవరికి సమజైతది" అని తోటి టీచర్లే అంటున్నారు. మీరు మీ ఊళ్లో ఈ పని చేశారని తెలిసింది. ఎట్లా చేశారు?
– ఒక ఉపాధ్యాయురాలు, నర్సంపేట

జవాబు: వేయమ్మా, తప్పకుండా వేయి. ఎవరొస్తారో అన్న బెంగ వద్దు. వానకాలం సాయంత్రం తెర కడితే చూడటానికి రాని ఊరు నాకింతవరకు తగలలేదు. వచ్చినవాళ్లకు ఏమి అందుతుందన్నదే ఆలోచించాల్సిన సంగతి. నేను రెండుసార్లు వేశాను. మొదటిసారి చెడగొట్టాను. అది కూడా చెప్తాను, నీకు పనికొస్తుంది.

మొదటిది హనుమకొండలో, నేను వృక్షశాస్త్రం చెప్పిన కాలేజీ సెమినార్ హాల్లో. లైట్లు ఆర్పి, సినిమా మొదటి నుంచి చివరిదాకా ఆపకుండా నడిపించాను. గంట తిరిగేసరికి వెనక బెంచీలు ఖాళీ. అయిపోయాక మిగిలినవాళ్లను "ఏమర్థమైంది?" అని అడిగాను. డిగ్రీ అమ్మాయి ఒకతి లేచి, "ఆమెను అందరూ కాదన్నారు మేడమ్, చివరికి ఆమే గెలిచింది" అంది. అంతే. ఎవరు కాదన్నారు, దేన్ని కాదన్నారు, ఏ ఆధారంతో గెలిచింది అంటే ఒక్కరూ నోరు విప్పలేదు. రెండు గంటలకు పైగా జీవకణాల గురించి చూసిన పిల్లలకు ఒక కొట్లాట కథ మాత్రమే మిగిలింది. ఆ తప్పు వాళ్లది కాదు, నాది. వాళ్ల చేతిలో నేనేమీ పెట్టలేదు.

రెండోది మా సొంతూళ్లో, పరకాల వైపు. మొన్న జులై చివరివారం. సినిమా తీసినవాళ్లకు ముందే రాసి అనుమతి తీసుకున్నాను. నువ్వూ ఆ పని చెయ్యి, ఊరందరికీ వేసే సినిమాను ఎక్కడినుంచో దించుకొని వేయడం సైన్సు చెప్పేవాళ్లకు తగదు. పంచాయతీ గోడకు తెల్ల దుప్పటి కట్టించాను. తెర కన్నా ముందు నేను సిద్ధం చేసుకున్నది ఒక గంప. అందులో నాలుగు వస్తువులు: వేర్లతో సహా మట్టిముద్దగా తవ్వి తెచ్చిన పెసర మొక్కలు, బర్రెల మేతకని నీళ్ల మీద తేలే అజొల్లా అనే చిన్న మొక్కను పెంచే రైతు దగ్గర అడిగి తెచ్చిన గిన్నెడు అజొల్లా, మా వంటింటి మసాలా డబ్బాలోని బండపువ్వు, పొద్దున గట్ల మీద దొరికిన రెండు పుట్టకొక్కులు.

పెసర మొక్కను బకెట్ నీళ్లలో మెల్లగా జాడించి, వేర్లు ముందు వరుసలోవాళ్లకు ఇచ్చాను. ఒక రైతు చూసి, "ఏందమ్మా, పురుగు వట్టిన చెట్టు తెచ్చినవ్?" అన్నాడు. నాకు కావాల్సిన మాట అదే. వేర్ల మీది బుడిపెల్ని చాలామంది రోగమే అనుకుంటారు, అందుకు కారణమూ ఉంది. టమాట, వంకాయ వేర్లకు నులిపురుగు పట్టినా ఉబ్బులు వస్తాయి. తేడా గోటితో తెలుస్తుంది. నులిపురుగు ఉబ్బు వేరే ఉబ్బిపోవడం, అది ఊడదు. పెసర బుడిపె వేరుకు అంటుకున్న పూసలాగా గీకితే ఊడివస్తుంది. ఆయనతోనే ఒకటి గోటితో చిదిమించాను. లోపల గులాబి ఎరుపు. మన నెత్తుటి ఎరుపుకు దగ్గరి చుట్టమే అది, పేరు లెగ్‌హిమోగ్లోబిన్. ఆ బుడిపెలో రైజోబియం అనే బ్యాక్టీరియా కాపురం ఉంటుంది. గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తుంది, మొక్క దానికి చక్కెర పెడుతుంది. లోపల ఎర్రగా ఉంటే పని నడుస్తున్నట్టు, తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే నడవనట్టు.

"గందుకేనా జీలుగ, జనుము దున్నితే వరికి బలం" అని అదే రైతు అన్నాడు. అవి కూడా బుడిపెల జాతే. ఆ బలం ఎక్కడిదో ఆయనకు ఆ రోజు కళ్లకు కనిపించింది. అప్పుడు ప్రొజెక్టర్ వేశాను.

ఇక మాట సంగతి. మన పాఠ్యపుస్తకాల్లో దీన్ని సహజీవనం అంటాం. నేను ఆ మాట అనగానే వెనక కుర్రకారు కిసుక్కున నవ్వారు. పేపర్లు ఆ మాటను పెళ్లికాని జంటలకు వాడీవాడీ దాని అర్థం మార్చేశాయి. వెంటనే మాట మార్చాను. "పొత్తు" అన్నాను. పొత్తుల బాయి తెలియని ఇల్లు మా ఊళ్లో లేదు. అన్నదమ్ములకు బావి ఒకటే, మోటారు ఒకటే, వంతులు వేరు. ఒకరి వంతు ఒకరు కాజేస్తే పంచాయితీ, ఇద్దరూ వదిలేస్తే పూడిక. ఈ ఒక్క మాటతో సగం సినిమా అందింది. నువ్వు కూడా పిల్లలకు పరీక్షలో రాయడానికి సహజీవనం అని నేర్పు, ఊరికి మాత్రం పొత్తు అని చెప్పు.

బొమ్మను నాలుగుచోట్ల ఆపాను. ఆపిన ప్రతిచోటా ఆమె జీవితంలో ఒక ముక్క, మన చేతిలో ఉన్నదొక ముక్క కలిపి చెప్పాను.

మొదట ఆపింది మార్గులిస్ 1967 వ్యాసం దగ్గర. 1938లో షికాగోలో పుట్టిన మనిషి. ఆ వ్యాసం అచ్చయ్యేనాటికి 29 ఏళ్లు, ఇద్దరు చిన్న కొడుకులు. ఖగోళ శాస్త్రవేత్త కార్ల్ సేగన్‌తో పెళ్లి అప్పటికే ముగిసింది. వ్యాసం మీద పేరు మాత్రం లిన్ సేగన్ అనే ఉంటుంది. 15 దాకా పత్రికలు తిప్పి పంపాక ఒకటి వేసుకుంది. అందులో ఏమంది? మన ఒంట్లోని కణాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియా ఒకప్పుడు విడిగా బతికిన బ్యాక్టీరియా. ఆకుకు పచ్చదనమిచ్చే హరితరేణువు కూడా అంతే. పెద్ద కణాలలోకి వచ్చి ఉండిపోయాయి, అంది. ఇది జరిగి 100 కోట్ల ఏళ్లకు పైమాటే.

నేను ఇంకా వివరించబోతుంటే అరుగు మీద కూర్చున్న పెద్దాయన, "అంటే ఇల్లుటం వచ్చిందన్నట్టు" అన్నాడు.

అమ్మా, ముప్పై ఏళ్లకు పైగా ఈ పాఠం చెప్పాను, ఇంత చక్కటి మాట నాకెన్నడూ తట్టలేదు. ఇల్లుటం వచ్చిన అల్లుడు అత్తగారింట్లోనే ఉంటాడు, ఆ ఇంటి వ్యవసాయం చేస్తాడు, కొన్నేళ్లకు ఆ ఇంటి మనిషే అవుతాడు. అయినా పుట్టిల్లు ఏదో ఆనవాళ్లు చెప్తూనే ఉంటాయి. మైటోకాండ్రియాదీ అదే వరస. దానికి తన సొంత డీఎన్‌ఏ ఉంది, బ్యాక్టీరియాకున్నట్టే గుండ్రంగా. కొత్తది కావాలంటే కణం మొదటినుంచీ తయారు చేయలేదు, ఉన్నదే రెండుగా చీలాలి. చుట్టూ రెండు పొరలు. ప్రొటీన్లు తయారుచేసే దాని రైబోసోములు బ్యాక్టీరియా వాటిని పోలి ఉంటాయి. ఎన్నో జన్యువుల్ని కాలక్రమంలో కణం పెత్తనం చూసే కేంద్రకానికి అప్పజెప్పింది. తన పాసుబుక్కులు మామగారి పెట్టెలో పెట్టినట్టు. మనిషి మైటోకాండ్రియా దగ్గర ఇప్పుడు మిగిలినవి 37 జన్యువులే, 16,569 డీఎన్‌ఏ అక్షరాల చిన్న చిట్టా. అందుకే అది ఇక బయటికి వెళ్లి విడిగా బతకలేదు.

ఇక్కడ ఇంకో సంగతి కూడా చెప్పాను. మైటోకాండ్రియా తయారుచేసే శక్తి నాణెం పేరు ఏటీపీ. దాన్ని 1929లో కండరంలో కనిపెట్టినవారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి చేసిన పని. బడిపిల్లల్లో ఇద్దరు ముగ్గురు ఆ పేరు విని తలెత్తారు.

రెండోసారి ఆపింది నేను అనుకున్నచోట కాదు. మైటోకాండ్రియా తల్లి నుంచే వస్తుందన్న మాట రాగానే ఒక ముసలమ్మ ఆపించింది. "నాది నా కొడుక్కు వచ్చిందా?" వచ్చిందన్నాను. "మరి నా మనవనికి?" రాలేదమ్మా, మనవడికి నీ కోడలిది వస్తుంది, నీ బిడ్డ పిల్లలకైతే నీదే వస్తుంది, అన్నాను. ఆమె కొంచెంసేపు లెక్క కట్టుకొని, "అయితే ఇంటిపేరు వాళ్లది, సత్తువ మాది" అంది. ఆడవాళ్లంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పటిదాకా వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చున్నారు. అక్కడ నేను పది నిమిషాలు ఉండిపోయాను, సినిమా సంగతే మరిచి. తల్లి, తల్లి తల్లి, ఆమె తల్లి అంటూ ఆ దారి పట్టుకొనే మనుషులు ఎక్కడినుంచి ఎక్కడికి నడిచారో లెక్కగడతారని చెప్పాను. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు అండమాన్ ఆదివాసుల మైటోకాండ్రియా డీఎన్‌ఏ చదివి, వాళ్లు ఎంతో పురాతన కాలంలోనే అక్కడికి చేరారని 2005లో చూపించారని చెప్పాను. నీ ఊళ్లో ఆడవాళ్లు తప్పకుండా ఉండేట్టు చూసుకో. బతుకమ్మకు పిలిచినట్టు ఇంటింటికీ పోయి పిలువు.

మూడోది అజొల్లా దగ్గర. దాని ఆకు పొరలో చిన్న గూడు, ఆ గూట్లో అనబీనా అనే నీలి ఆకుపచ్చ బ్యాక్టీరియా. నత్రజని పట్టేది అదే. హరితరేణువుల పూర్వీకులు కూడా ఈ నీలి ఆకుపచ్చ కులానివే అని చెప్పి గిన్నె చేతులు మార్పించాను. బండపువ్వును కూడా ఇక్కడే ఇచ్చాను. బిర్యానీలో వేసేది పువ్వు కానే కాదు, శిలీంధ్రమూ (బూజు జాతి) శైవలమూ (పాచి జాతి) కలిసి కట్టుకున్న ఒక శరీరం. మసాలాకు వాడేది కొండ అడవుల్లో పెరుగుతుంది కానీ, దాని చుట్టాలు హనుమకొండ పద్మాక్షి గుట్ట బండల మీద బూడిదరంగు మచ్చలుగా కనిపిస్తాయి.

నాలుగోసారి కరెంటు పోలేదు, ఉసిళ్లు లేచాయి. పొద్దున పడ్డ వానకు. ఆ చుట్టుపక్కల వెలుగుతున్నది మా తెర ఒక్కటే, దాని మీదికి వేలకు వేలు. ప్రొజెక్టర్ ఆపి, దూరంగా రోడ్డు లైటు వేయించి అరగంట ఆగాం. పిల్లలు పట్టి డబ్బాల్లో వేసుకున్నారు, వేయించుకు తినడానికి. ఆ అరగంటను వృథా పోనివ్వలేదు. గంపలోంచి పుట్టకొక్కులు తీశాను. ఉసిళ్లు రెక్కలొచ్చిన చెదలే కదా. పుట్టలో చెదలు ఆకూ కట్టే నమిలి, గూడులాంటి తడి దిబ్బ కట్టి, దాని మీద బూజు సాగు చేస్తాయి. ఆ బూజు కట్టెను మెత్తబరిస్తే చెదలు తింటాయి. వానకాలంలో ఆ బూజే పుట్టలోంచి తల ఎత్తితే మనం కూర వండుకుంటాం. మన పెద్దవాళ్లు దానికి పుట్టకొక్కు అని పేరు పెట్టినప్పుడే పుట్టకూ కొక్కుకూ ఉన్న పొత్తు కనిపెట్టారు. బూజు సాగు చేయని చెదలు కొన్నున్నాయి, వాటి కడుపులోనే సూక్ష్మజీవులుండి కట్టెను అరిగిస్తాయి. మార్గులిస్ ఏళ్లతరబడి మైక్రోస్కోప్ కింద ఇష్టంగా చూసింది ఈ చెదల కడుపు జీవుల్నే.

ఆ రాత్రి సినిమా పూర్తి కాలేదు. చివరి ముక్క మర్నాడు బడిలో పిల్లలకు వేశాను. పూర్తి చేయాలని పట్టుపట్టకు. ఇంగ్లిష్ సంగతి అడిగావు. నేను శబ్దం తగ్గించి పక్కన నిలబడి తెలుగులో చెప్పాను, ఆమె స్వయంగా మాట్లాడేచోట్ల మాత్రం శబ్దం పెంచాను. భాష రాకపోయినా ఆ గొంతులోని పట్టు వినాలి.

ప్రశ్న: మార్గులిస్ చెప్పినవన్నీ నిజం కాలేదనీ, హెచ్‌ఐవీ గురించి ఆమె తప్పుగా మాట్లాడిందనీ చదివాను. అటువంటి వ్యక్తిని పిల్లలకు ఆదర్శంగా చూపించవచ్చా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మీరు చదివింది నిజమే. ఎయిడ్స్‌కు కారణం హెచ్‌ఐవీ అన్నదాన్ని ఆమె శంకించింది. అది తప్పు, ప్రమాదకరమైన తప్పు. హెచ్‌ఐవీ వల్లే ఎయిడ్స్ వస్తుంది, ఆ వైరస్‌ను అదుపులో పెట్టే ఏఆర్‌టీ మందులు రోజూ వేసుకుంటే మనిషి పనిచేసుకుంటూ నిండుగా బతుకుతాడు, ప్రభుత్వ ఏఆర్‌టీ కేంద్రాల్లో ఆ మందులు ఉచితం. ఈ మాట మా ఊళ్లో తెర ముందు నిలబడి చెప్పాను. మన జిల్లాల్లో ఆ జబ్బు వచ్చిన ఇళ్లు ఉన్నాయి, ఎవరో పెద్ద శాస్త్రవేత్త అన్నదని ఒక్కరు మందు మానేసినా ఆ పాపం చూపించినవాళ్లదే.

ఇంకోటి. కణాల తోకలు, కేశాల్లాంటి కదిలే భాగాలు కూడా మెలికల బ్యాక్టీరియా నుంచి వచ్చాయని ఆమె చివరిదాకా నమ్మింది. దానికి ఆధారం దొరకలేదు. మైటోకాండ్రియా, హరితరేణువుల విషయంలో దొరికింది. ఆ రెంటిలోనూ డీఎన్‌ఏ ఉందని 1960ల మొదట్లోనే తేలింది, 1970లలో డీఎన్‌ఏకు చుట్టమైన వాటి ఆర్‌ఎన్‌ఏ వరసల్ని బ్యాక్టీరియాతో పోల్చి చూస్తే చుట్టరికం బయటపడింది. మొండితనం అక్కడా ఇక్కడా ఒకటే. ఒకచోట రుజువు వచ్చింది, ఒకచోట రాలేదు. "అందరూ కాదన్నారు కాబట్టి ఆమెదే సరైనది" అని పిల్లలు అనుకుంటే మనం వాళ్లకు అన్యాయం చేసినట్టే. నా కాలేజీ అమ్మాయి అలాగే అనుకొని వెళ్లిపోయింది, అది ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

అసలు ఊహ కూడా ఆమెతో మొదలు కాలేదు. రష్యాలో మెరెష్కోవ్‌స్కీ 1905లోనే హరితరేణువుల గురించి ఇలా అన్నాడు, అమెరికాలో వాలిన్ 1920లలో మైటోకాండ్రియా గురించి అన్నాడు. వాళ్లను ఎవరూ పట్టించుకోలేదు. విడివిడిగా పడి ఉన్న ఆధారాలను ఒకచోట కూర్చి, పరీక్షించి చూడండి అని నిలబడ్డది మార్గులిస్. 1983లో అమెరికా నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ ఆమెను సభ్యురాలిగా తీసుకుంది. 2011లో చనిపోయేదాకా మసాచుసెట్స్‌లో పాఠాలు చెప్తూనే ఉంది.

ఆమెను చదివినవాళ్లు కొందరు ప్రకృతి అంతా ప్రేమే, పోటీ లేదు అనేదాకా వెళ్తారు. నేను ఒప్పుకోను. పొత్తులో కూడా లెక్క ఉంటుంది. సోయాచిక్కుడు మీద చేసిన ప్రయోగంలో, నత్రజని ఇవ్వని బుడిపెకు మొక్క ఆక్సిజన్ తగ్గించడం చూశారు. అందులోని బ్యాక్టీరియా సంతానం తగ్గిపోయింది. వంతు నీళ్లు వదలని అన్నకు తమ్ముడు మోటారు ఆపేసినట్టు. ఆదర్శం అన్న మాట పక్కన పెట్టి, ఆమె చేసిన పనిని చూపించండి, తప్పిన చోటునూ చూపించండి.

ప్రశ్న: మేడమ్, నేను ఇంటర్ మొదటి సంవత్సరం బైపీసీ. అజొల్లాలో ఉండే బ్యాక్టీరియాను నేను స్వయంగా చూడగలనా? మా కాలేజీలో మైక్రోస్కోప్ తాళం వేసి ఉంటుంది.
– ఒక విద్యార్థిని, జనగామ

జవాబు: చూడగలవు బిడ్డా. ముందు మీ లెక్చరర్‌ను తాళం తీయమని అడుగు, నలుగురు కలిసి వెళ్లి అడగండి. అప్పటికీ కుదరకపోతే కాగితంతో మడిచే ఫోల్డ్‌స్కోప్ అని ఉంటుంది, మీ కాలేజీలోనో దగ్గర్లోని బడిలోనో ఎవరి దగ్గరైనా ఉందేమో వాకబు చెయ్యి. దాంతోనూ కనిపిస్తుంది.

అజొల్లా చిన్న రెబ్బ ఒకటి తీసుకొని మంచినీళ్లలో రెండుసార్లు కడుగు. గాజు పలక మీద ఒక నీటిచుక్క వేసి, రెబ్బను అందులో పెట్టి, సూదితో ఆకుల్ని చీల్చు. పైన పలచటి గాజుబిళ్ల పెట్టి, బొటనవేలితో మెల్లగా నొక్కు. ఆకు నుంచి గూడు పగిలి లోపలిది బయటికి రావాలి. తక్కువ పెద్దది చేసే కటకంతో మొదలుపెట్టి, నీలి ఆకుపచ్చ పూసల దండల కోసం వెతుకు. దొరికాక కటకం మార్చు. దండలో అక్కడక్కడ ఒక పూస మిగతావాటి కన్నా కాస్త పెద్దగా, పలచని రంగుతో, అంచు మందంగా కనిపిస్తుంది. దాన్ని హెటిరోసిస్ట్ అంటారు. నత్రజని పట్టే పని చేసేది ఆ పూసే. ఒక దండలో మొత్తం పూసలెన్ని, అందులో అటువంటివెన్ని లెక్కపెట్టు. పక్కనే చెరువు నీళ్ల పాచిలో విడిగా పెరిగే అనబీనా దొరికితే అందులోనూ లెక్కపెట్టు. రెండు లెక్కల్లో ఏది ఎక్కువ వచ్చిందో, ఎందుకని నీకు అనిపిస్తోందో నాకు రాయి.